హాస్టల్ పిల్లల బాగోగుల కోసం కమిటీ వేశారు, నిజంగా పనికొచ్చేది ఏం చేయాలి?

ప్రశ్న: పీలేరు టీచర్

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో పీజీ పిల్లలకు పాఠాలు చెప్తాను. పర్మనెంటు కాదు, అకడమిక్ కన్సల్టెంటుని. ఈ ఏడాది మా దగ్గర విద్యార్థుల బాగోగులు చూడడానికని ఒక కమిటీ వేసి, నన్నూ అందులో వేశారు. నెలాఖరుకల్లా ప్లాను రాసివ్వాలి. మొదటి మీటింగులో ఆడిటోరియంలో మోటివేషన్ స్పీచ్ పెట్టిద్దామన్నారు, యోగా వారం జరుపుదామన్నారు, క్యాంపస్ నిండా పోస్టర్లు అంటిద్దామన్నారు. యోగా మంచిదే, నేను కాదనను. కానీ నా క్లాసులో కూర్చునే పిలకాయల ముఖాలు తలుచుకుంటే వీటిలో ఏదీ వాళ్ల దాకా పోదనిపిస్తా ఉంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా పిల్లల్లో చానామంది వాళ్ల ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి. కుప్పం, పలమనేరు, సత్యవేడు, నగరి, మదనపల్లె, ఇటు వెంకటగిరి, అటు రాయచోటి నుంచి వస్తారు. అమ్మానాన్నలకు తిరుపతి అంటే కొండ. ఎప్పుడో ఒకసారి వచ్చి మొక్కు తీర్చుకుని పోయే ఊరు. అదే ఊర్లో హాస్టల్లో ఉండి చదవడమంటే ఏందో వాళ్లకు తెలీదు, పిల్లలూ చెప్పరు. ఫోన్లో "తిన్నావా నాయనా" అంటే "తిన్నా" అంటారు, అంతే.

ముందు ఆ తిండి సంగతే చెప్పాలి. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నా. ముందు బెంచీలో కూర్చునే అబ్బాయి ఒకడు ఉన్నట్టుండి వెనక్కి పోయాడు. మధ్యాహ్నం క్లాసుల్లో తల వాల్చేసేవాడు. నిద్రేమో, ఫోనేమో అని మావాళ్లు అనుకున్నారు. జతగాడిని పక్కకు పిలిచి అడిగితే, "మేడమ్, వాడు మెస్‌కు రావడం లేదు" అన్నాడు. మా హాస్టళ్లలో డివైడింగ్ పద్ధతి. నెలకు అయిన ఖర్చునంతా తిన్నవాళ్ల మీద పంచుతారు. ఈ అబ్బాయికి స్కాలర్‌షిప్ పడలేదు. బిల్లు నెలనెలా పేరుకుపోతా ఉంది. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు హాస్టల్ నుంచి నో డ్యూస్, అంటే బాకీ లేదన్న కాగితం, కావాలి. అది ఎక్కడ ఆగిపోతుందోనని, ఊరికి పోతున్నానని రాసిచ్చి బిల్లు తగ్గించుకుని, రూములోనే ఉండిపోయాడు. రోజుకు ఒక పూట అన్న క్యాంటీన్‌కు నడిచిపోయి ఐదు రూపాయలకు తినొస్తా ఉండాడు. రిజిస్టరు ప్రకారం వాడు ఊర్లో ఉన్నాడు. రాత్రి హాజరు తీసేవాళ్లకు మెస్ రిజిస్టరుతో సంబంధం లేదు, మెస్‌వాళ్లకు క్లాసు హాజరుతో సంబంధం లేదు, నాకు ఆ రెండిటితోనూ సంబంధం లేదు. మూడు పుస్తకాలు మూడు చోట్ల ఉంటే ఒక మనిషి మధ్యలో కనపడకుండా పోయాడు. ఏ పోస్టరు ఆ అబ్బాయిని పట్టుకుంటుంది?

ఇంకో అబ్బాయిది సత్యవేడు వైపు. ఇంట్లో అరవం, బడిలో తెలుగు, డిగ్రీ ఇంగ్లీషు మీడియం. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియమే కదా. మొదటి సెమినార్ రోజు వాడి ఇంగ్లీషుకూ నవ్వారు, తెలుగు యాసకూ నవ్వారు. ఆ తర్వాత వాడు క్లాసులో నోరు తెరవలేదు. రాసింది చదివితే మాత్రం ఆలోచన మా బ్యాచ్‌లో అందరికంటే స్పష్టంగా ఉంటుంది.

చూపు సరిగా ఆనని అమ్మాయి ఒకతె ఉంది. బోర్డును ఫోన్లో ఫోటో తీసుకుని, ముక్కుకు ఆనించుకుని పెద్దది చేసి చదువుతుంది. అందరికీ ఇచ్చే జిరాక్సు నోట్సు ఆమెకూ ఇస్తాం. ఆ జిరాక్సు మామూలు కళ్లకే సరిగా కనిపించదు.

చదువుకునేటప్పుడు మీకు నిజంగా ఆసరా అయింది ఏది? లేకపోయినందువల్ల మీరు నలిగిపోయింది ఏది? హాస్టల్లో ఉన్నవాళ్లు, వార్డెన్లుగా చేసినవాళ్లు, కౌన్సెలింగ్ తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బు పెద్దగా రాదని ముందే అనుకుని చెప్పండి.


జవాబు: కుప్పం అన్న

అక్కా, నమస్తే. నేను చిత్తూరులో బ్యాంకులో పని చేస్తా ఉండా. మా ఇంట్లోనూ అరవమే, పీజీ తిరుపతిలోనే. మీరు రాసిన రెండో అబ్బోడిది అచ్చం నా కతే.

మా మాస్టారు ఒకాయన చేసిన పని చెప్తా. సెమినార్ ముందు రోజు సాయంత్రం నన్ను రూముకు పిలిపించి, "నీకు వచ్చినట్టు చెప్పు, నేనొక్కణ్ణే వింటా" అన్నాడు. తెలుగులో సగం, అరవంలో సగం చెప్పినా. ఆయన ఒక్క ముక్క ఆపలేదు. అంతా అయినాక, "విషయం నీకు బాగా తెలుసు. రేపు తెలుగులోనే మొదలుపెట్టు, టెక్నికల్ మాటలు ఇంగ్లీషులో ఉంచు" అన్నాడు. మరుసటి రోజు క్లాసుకు కూడా చెప్పినాడు, ఈ సెమినార్లో భాషకు మార్కులు లేవు, విషయానికే అని. నవ్వేవాళ్లు ఆగిపోయినారు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇంకోటి, మీ కమిటీ కాయితంలో రాయండి. బోధన ఇంగ్లీషులో జరిగినా, పరీక్షలు స్థానిక భాషలో రాసుకునే అవకాశం ఇవ్వమని యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) 2023 ఏప్రిల్లో యూనివర్సిటీలకు లేఖ రాసింది. చానా క్యాంపస్‌లలో ఆ సంగతి పిల్లలకు తెలీదు. కనీసం ఇంటర్నల్ పరీక్షల్లోనైనా తెలుగులో రాయొచ్చని నోటీసు బోర్డులో పెడితే సగం మంది ఊపిరి పీల్చుకుంటారు.

మెస్ బాకీ గురించి. మా బ్యాచ్‌వాళ్లం కొంతమంది కలిసి డిపార్టుమెంటులో చేబదులు డబ్బు పెట్టినాం. పెద్ద ఫండ్ ఏం కాదు. ఒక మాస్టారి దగ్గర ఉంటుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైనోడికి మెస్ బిల్లు వరకు ఇస్తారు, పడినాక తిరిగి కడతాడు. వడ్డీ లేదు, దరఖాస్తు ఫారం లేదు, ఎవరికిచ్చినారో మాక్కూడా చెప్పరు. ఆ చెప్పకపోవడమే ముఖ్యం అక్కా. పేదపిల్లలకు సాయం అని బ్యానరు కట్టి ఫోటో తీసే చోట, నిజంగా ఆకలిగా ఉన్నోడు వచ్చి నిలబడడు. మీ డిపార్టుమెంటు పాత విద్యార్థులను అడిగి చూడండి, కాదనరు.

ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే చోట్లు కూడా ఉన్నాయి. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పిల్లలకు ఆ సంగతి తెలియజేయండి. ఫిర్యాదులు వినడానికి ప్రతి సంస్థలో కమిటీ, దాని పైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలని యూజీసీ 2023 రెగ్యులేషన్స్ చెప్తున్నాయి. వాళ్లను ఎక్కడ కలవాలో ఫస్టియర్ పిల్లల్ని అడిగి చూడండి, ఒక్కరు చెప్పగలిగితే గొప్ప.


జవాబు: వినికిడి చదువరి

మేడమ్, నేను పుట్టుకతో చూపు లేనివాడిని. తిరుపతిలోనే పీహెచ్‌డీ చేస్తున్నాను. మీరు ఆ అమ్మాయి గురించి రాసిన రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. ఆమె ఫోన్‌ను ముక్కుకు ఆనించుకోవడం మీ కంట పడింది. చాలామంది కంట అది పడదు.

మాకు నోట్సు అందకపోవడానికి అసలు కారణం కళ్లు కాదు, ఫైళ్లు. వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది సరిచేయగలిగిన సమస్య. నేను కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది, అది ఉచితం. ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంటుంది. రెండూ తెలుగు చదువుతాయి. అయితే ఆ తెలుగు యూనికోడ్‌లో ఉండాలి, అంటే ఫైలు లోపల కూడా నిజమైన తెలుగు అక్షరాలే ఉండాలి. మన డిపార్టుమెంట్లలో పాత మెటీరియల్ అంతా డీటీపీ సెంటర్లో 'అను' అనే ఫాంట్లతో, పేజీమేకర్ అనే సాఫ్ట్‌వేర్లో కొట్టించినది. తెర మీద చూసేవాళ్లకు అది చక్కటి తెలుగు. ఫైలు లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. నా స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. ఒక పేజీ పాఠం నాకు అర్థంపర్థం లేని చప్పుడులా వినపడుతుంది. జిరాక్సును ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపితే ఇంకా అన్యాయం, అందులో అసలు అక్షరాలే ఉండవు, బొమ్మ ఉంటుంది. స్క్రీన్ రీడర్ ఏమీ చదవలేదు.

పరిష్కారం కష్టం కాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తుల్లో, దీర్ఘాల్లో తప్పులు వస్తాయి కాబట్టి ఒకరు కూర్చుని సరిచూడాలి. స్కాన్ చేసిన పేజీలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది, శుభ్రమైన ప్రింటయితే బాగానే వస్తుంది. ఆ అమ్మాయికి కొంత చూపు ఉంది కాబట్టి, యూనికోడ్ ఫైలు ఇస్తే తనకు కావలసినంత పెద్ద అక్షరాలు చేసుకుని చదువుకుంటుంది, కళ్లు అలసిపోతే వింటుంది. ఫోన్లో ఫోటో పెద్దది చేస్తే అక్షరం మసకబారుతుంది, ఫైల్లో అక్షరం పెద్దది చేస్తే మసకబారదు.

పరీక్షల సంగతి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మాలాంటివాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. ఆ గంట ఇవ్వడం దయ కాదు. కానీ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌కు ఎవరూ ముందుగా చెప్పరు. మూడు గంటలు కాగానే పేపరు లాక్కోబోతారు. అప్పుడు నేను లేచి నా హక్కు గురించి వాదించాలి. పరీక్ష మధ్యలో వాదించాక మిగతా జవాబులు ఎలా గుర్తుంటాయి చెప్పండి. హాలు టికెట్‌తో పాటే అదనపు సమయం అని రాసిన కాగితం ఇన్విజిలేటర్ చేతికి వెళ్లేట్టు చూడండి, చాలు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటు దాకా చట్టం తీసుకొచ్చింది. సీటు దగ్గర్నుంచి క్లాసు రూము దాకా మీరు తీసుకెళ్లాలి. ర్యాంపు కట్టేటప్పుడు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. మా దగ్గర ఒక భవనానికి కట్టిన ర్యాంపు మీద నా స్నేహితుడి చక్రాల కుర్చీని ఇద్దరు నెట్టినా ఎక్కదు, అంత నిటారుగా ఉంది. ఫోటోల్లో మాత్రం ర్యాంపు ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి, తనిఖీకి వచ్చినవాళ్లు అవును అని టిక్కు పెట్టి వెళ్లిపోయారు. మీ కమిటీ ఏదైనా కట్టించేముందు, దాన్ని వాడే మనిషిని ఒకసారి అక్కడికి పిలిచి చూపించండి.


జవాబు: మూడో ఫ్లోర్ అమ్మాయి

మేడమ్, నేను ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నా. మెస్ రిజిస్టరు, హాజరు కలిపి చూస్తే కనపడకుండా పోయినవాళ్లు దొరుకుతారని మీ ఉద్దేశం అర్థమైంది. మంచి ఉద్దేశమే. కానీ ఆడపిల్లల హాస్టల్లో ఒక భయం ఉంది, చెప్తాను.

మా దగ్గర ఏ చిన్నది జరిగినా మొదట ఇంటికి ఫోన్ పోతుంది. "మీ అమ్మాయి సరిగా తినడం లేదు, ఏడుస్తా ఉంది" అని వార్డెన్ మంచికే చెప్తుంది. మరుసటి రోజు నాన్న వచ్చి పెట్టె సర్దించి తీసుకుపోతాడు. మా రూమ్మేట్‌కు అదే జరిగింది. ఊరికి పోయినాక సంబంధాలు చూశారు, పెళ్లయిపోయింది. ఎమ్మెస్సీ సగంలో ఆగిపోయింది. ఆ అమ్మాయికి కావాల్సింది తనతో మాట్లాడే ఒక మనిషి, ఇంటికి ఫోన్ కాదు. అది చూసినాక మా ఫ్లోర్లో ఎవ్వరూ ఏమీ చెప్పుకోవడం లేదు. అందరూ బాగున్నట్టే ఉంటారు.

ఇంకో మాట, ఇంటిపేరు గురించి. మొదటి వారంలో సీనియర్లు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో కులం తెలియకపోతే ఎంట్రెన్సు ర్యాంకు అడుగుతారు. ర్యాంకు చెప్పంగానే ఎదుటివాళ్ల ముఖంలో లెక్క తేలిపోవడం కనిపిస్తుంది. ఎవరూ ఒక్క మాట అనరు. కానీ మరుసటి రోజు నుంచి మెస్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో మారిపోతుంది. మా లెక్చరర్లలో ఒకరిద్దరు కూడా హాజరు పిలుస్తూ ఇంటిపేరు దగ్గర ఆగి, "మీరు ఏ ఊరి వాళ్లమ్మా" అంటారు. వివక్షను చూడడానికి ఒక అధికారి, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలని 2012 యూజీసీ రెగ్యులేషన్స్‌లో ఉందని ఈ మధ్యే తెలిసింది. ఆ అధికారి ఎవరో మాకు ఎవరూ పరిచయం చేయలేదు. ఓరియంటేషన్ రోజు అందరి ముందు నిలబెట్టి చూపించండి. క్లాసులో మమ్మల్ని పేరుతో పిలవండి.


పీలేరు టీచర్:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడో ఫ్లోర్ అమ్మాయీ, నువ్వు చెప్పింది చదివి నా ప్లానులో ఒక పేజీ ఆపేశాను. తినని వాళ్ల పేర్లు వార్డెన్‌కు పోవాలని రాద్దామనుకున్నా. వార్డెన్‌కు పోతే ఇంటికి పోతుంది. మరి ఎవరికి పోవాలి? కౌన్సెలర్‌కా? మా దగ్గర పూర్తికాలం కౌన్సెలర్ లేరు, వారానికోసారి బయటి నుంచి ఒకరు వస్తారు. ఆ గది అడ్మినిస్ట్రేటివ్ బ్లాకులో ఉంది, తలుపు మీద పెద్ద బోర్డు. ఆ తలుపు తీయాలంటే ఫీజు కౌంటర్ క్యూలో ఉన్న అందరి ముందు నుంచి నడిచిపోవాలి. ఎవరూ పోరు. తెలిసినవాళ్లు దారి చెప్పండి.


జవాబు: చిత్తూరు కౌన్సెలర్

మేడమ్, నేను సైకాలజిస్టుని, కాలేజీ పిల్లలతోనే ఎక్కువ పని. మొదట మీ చేతికి ఒక ఆధారం ఇస్తాను. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. అందులో విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఉన్నాయి. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. చిన్న చిన్న బృందాలకు ఒక మెంటర్, అంటే వాళ్లను కనిపెట్టుకుని ఉండే మనిషి, ఉండాలి, ముఖ్యంగా పరీక్షల రోజుల్లో. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేవరకు ఇవే అమలు కావాలంది కోర్టు. మన రాష్ట్రం నుంచి పోయిన కేసు ఇది. మీ ప్లాను మొదటి పేజీలో ఈ తీర్పు పెట్టండి. యోగా వారానికి ఉన్న బడ్జెట్టును కౌన్సెలర్ జీతానికి అడగడానికి మీకు ఇంతకంటే గట్టి కాగితం దొరకదు.

గది విషయం మీరు సరిగ్గా పట్టుకున్నారు. దాన్ని లైబ్రరీ పక్కకో, హెల్త్ సెంటర్ లోపలికో మార్చండి. జ్వరం మాత్ర కోసం పోయేవాళ్లూ, మాట్లాడడానికి పోయేవాళ్లూ ఒకే తలుపులోంచి పోవాలి. సమయం సాయంత్రం ఐదు తర్వాత ఉండాలి. క్లాసు ఎగ్గొట్టి రమ్మంటే ఎవరూ రారు.

పేర్లు ఎవరికి పోవాలన్నారు. మెంటర్‌కు పోవాలి, అదీ కారణం రాయకుండా. "ఫలానా పిల్ల మూడు రోజులుగా భోజనానికి రాలేదు" అంతవరకే. మెంటర్ పోయి టీ తాగుదాం రా అని పిలిచి మాట్లాడతారు. ఇంటికి చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లను అడిగి, పిల్ల ఒప్పుకున్న మనిషికి చెప్పాలి. నాన్న కాకపోతే అక్క, మేనమామ, బడిలో చదువు చెప్పిన టీచర్, ఎవరైనా సరే. ప్రాణానికి ప్రమాదం ఉందనిపించినప్పుడు మాత్రం గోప్యత పక్కన పెట్టాలి. ఈ ఒక్క మినహాయింపును పిల్లలకు మొదటి రోజే చెప్పేయాలి, తర్వాత మోసపోయామనుకోకుండా.

మెంటర్లు అందరూ నన్ను అడిగే భయం ఒకటుంది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?" కాదు. నేరుగా, నెమ్మదిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు మాత్రం ఎట్టకేలకు ఒకరు అడిగారని గుండె తేలికవుతుంది. అడిగాక ఉపన్యాసం ఇవ్వకండి. మీ అమ్మానాన్న ఎంత కష్టపడుతున్నారో తెలుసా అని అసలే అనకండి. ఆ కష్టం వాళ్లకు తెలుసు, తెలిసే అంత బరువు మోస్తున్నారు. వినండి, ఒంటరిగా వదలకండి, అక్కడే ఉండి ఫోన్ కలపండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, రాత్రీ పగలూ పని చేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉంది. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. మొదటిసారి పోయేటప్పుడు మెంటర్ పక్కన ఉంటే పిల్లలు మధ్యలో తిరిగి రారు.


జవాబు: రిటైర్డ్ వార్డెన్

అమ్మా, నేను చానా ఏండ్లు వార్డెన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. వార్డెన్లను అందరూ తిడతారు, కొంత నిజం ఉంది. కానీ ఒక వార్డెన్ కింద వందల మంది పిల్లలు ఉంటారు, ఆయనకు క్లాసులూ ఉంటాయి. ఇంటికి ఫోన్ చేసేది పిల్ల మీద కోపంతో కాదు, రేపు ఏదైనా అయితే మాకు ముందే ఎందుకు చెప్పలేదని తల్లిదండ్రులు నిలదీస్తారనే భయంతో. మెంటర్‌కు చెబితే చాలని యూనివర్సిటీ రాతపూర్వకంగా ఇస్తే ఆ భయం పోతుంది. ఆ ఆర్డరు లేకుండా మీరు ఎన్ని చెప్పినా వార్డెన్ ఫోనే ఎత్తుకుంటాడు. మీ ప్లానులో ఇది తప్పకుండా రాయండి.

రెండోది, మీ కమిటీలో ప్రొఫెసర్లే ఉన్నారా? మెస్‌లో వడ్డించే మనిషిని ఒకరిని వేయండి. మా హాస్టల్లో సాంబారు వడ్డించే ఆమె ఉండేది. ఏ పిల్లోడు గరిటె సాంబారుకు రెండో గరిటె అడుగుతాడో, ఎవడు ఉత్త మజ్జిగన్నం తిని లేస్తున్నాడో, ఎవడు అందరూ పోయినాక ఒక్కడే వస్తున్నాడో ఆమెకు తెలుసు. నా దగ్గరికి వచ్చి "సార్, ఆ కళ్లజోడు అబ్బాయిని ఒకసారి పలకరించండి" అనేది, పేరు కూడా తెలీదు ఆమెకు. నేను పలకరించిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉండేది. మీరు చెప్పిన రూములో ఉండిపోయిన అబ్బాయిని కూడా ఆమె అయితే రెండో రోజే పట్టుకునేది. సిబ్బందికి శిక్షణ అని కౌన్సెలర్ గారు రాశారు, ఆ శిక్షణలో వడ్డించేవాళ్లను, వాచ్‌మన్‌ను, ఊడ్చేవాళ్లను కూర్చోబెట్టండి. రాత్రి రెండింటికి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లను చూసేది వాచ్‌మన్, ప్రొఫెసర్ కాదు.

ర్యాగింగ్ గురించి ఎవరూ రాయలేదు. తగ్గింది, పోలేదు. హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522. గేటు దగ్గర బోర్డు మీద ఉంటే చాలదు, బాత్రూము తలుపు లోపలి వైపు అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా నంబరు రాసుకుంటారు.


పీలేరు టీచర్:

సార్, మెస్ అక్కను కమిటీలో వేయాలన్నది నాకు అసలు తట్టలేదు. రేపే అడుగుతాను. ఒప్పుకోకపోతే పోట్లాడతాను.

కౌన్సెలర్ గారి మాట ప్రకారం తీర్పును మొదట పెట్టి రాస్తున్నా. మెంటర్‌కు చెబితే చాలన్న ఆర్డరు, కౌన్సెలర్ గది హెల్త్ సెంటర్లోకి, ఇంటర్నల్స్ తెలుగులో రాసుకునే నోటీసు, అదనపు సమయం కాగితం, ఈ నాలుగూ ఈ సెమిస్టర్లోనే అడుగుతా. వీటికి డబ్బు అక్కర్లేదు, సంతకాలు కావాలి. పూర్తికాలం కౌన్సెలర్ పోస్టుకు టైము పడుతుంది, అడగడం మాత్రం ఇప్పుడే మొదలుపెడతా. చేబదులు డబ్బు కమిటీకి సంబంధం లేకుండా డిపార్టుమెంటులోనే పెడదామని హెడ్ గారితో మాట్లాడాను. ఆయన తన వంతు ముందే ఇస్తానన్నారు. ఆ అబ్బాయి బాకీ దాంతోనే తీరుతుంది, వాడికి ఎవరిచ్చారో తెలియదు.

సత్యవేడు అబ్బాయిని సెమినార్ ముందు రోజు పిలుస్తున్నా, కుప్పం తమ్ముడు చెప్పినట్టే.

వినికిడి చదువరి గారూ, మా మెటీరియల్ అంతా మీరు చెప్పినట్టు పేజీమేకర్‌లోనే ఉంది. కన్వర్ట్ చేసినాక తప్పులు చూడడానికి ఎమ్మే తెలుగు పిల్లలు నలుగురు ముందుకొచ్చారు. మొదటి యూనిట్ మీకు పంపితే స్క్రీన్ రీడర్‌తో ఒకసారి విని, ఎక్కడ తడబడుతుందో చెప్తారా? ఆ అమ్మాయికి ఇచ్చేలోపు సరిచేసుకుంటాం.


వినికిడి చదువరి:

తప్పకుండా మేడమ్. పీడీఎఫ్ చేయకుండా వర్డ్ ఫైలే పంపండి. పట్టికలు ఉంటే బొమ్మలుగా అతికించకుండా టేబుల్‌గానే ఉంచమనండి, శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టమనండి, అప్పుడు ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు దూకడం సులువవుతుంది. ఆ అమ్మాయి ఒప్పుకుంటే నా నంబరు ఆమెకు ఇవ్వండి, ఫోన్లో సెట్టింగులన్నీ నేను కూర్చుని చూపిస్తాను.